వేడినీళ్ళు కిందికెందుకు దిగాయి?

చిట్టితల్లీ, నీ భుజం మీంచి తొంగి చదువుతున్న చంటిగాడూ,

నిన్న ఫోన్లో నువ్వడిగినదానికి జవాబు చెప్పేలోపే మీ అమ్మ ఫోన్ లాక్కుంది. గొంతునొప్పికి పుక్కిలించగా మిగిలిన ఉప్పు, పసుపు వేసిన వేడినీళ్ళని చన్నీళ్ళ గాజు గ్లాసులో వంపితే పచ్చటి తోకలు కిందికి దిగాయన్నావు. వేడినీళ్ళు పైన తేలాలని టీచర్ చెప్పారు కదా, మరి ఇవెందుకు దిగాయి అన్నావు. టీచర్ చెప్పిందీ నిజమే, నువ్వు చూసిందీ నిజమే. కాకపోతే పసుపు పొడి ఎలాగూ అడుక్కి చేరుతుంది, నువ్వేమో ధారగా పోసుంటావు, కాబట్టి నీ సాక్ష్యం సగమే ఒప్పుకుంటాను. మిగతా సగం మాత్రం పెద్దపెద్దవాళ్ళు సముద్రాల్లో వెతికిన సంగతి.

నేను ఈత నేర్చుకున్నది మా ఊరి కాలవలో. అప్పట్లో ఎండిన ఆనపకాయ బుర్ర వీపుకి కట్టి నీళ్ళలోకి తోసేవాళ్ళు (మీ హైదరాబాదులో సొరకాయ అంటారే, అదే). ఓరోజు నిక్కరు జేబుల నిండా గోలీకాయలు పోసుకుని దిగాను. బుర్ర ఉన్నంతసేపూ దొరలా తేలాను. మా పెదనాన్నగారబ్బాయి వెనకనించి వచ్చి బుర్ర ఊడలాక్కుని తను కట్టుకున్నాడు. వాడి జేబులు ఖాళీ, వాడు హాయిగా పైకి తేలాడు, నేను గోలీలతో సహా అడుక్కి పోయాను. పైకి లాగాక మా నాన్న చేత తన్నులు కూడా నాకే, అదింకా మర్చిపోలేదు.

ఇప్పుడు ఆ బుర్ర వేడి అనుకో, గోలీలు ఉప్పు అనుకో. పైనున్న నీళ్ళకి రెండూ ఉన్నాయి. వేడి తేలుస్తుంది, ఉప్పు ముంచుతుంది, వేడిది పైచెయ్యి కాబట్టి అవి పైనే ఉంటాయి. కింద చల్లటి మంచినీళ్ళు, వాటికి బుర్రా లేదు, గోలీలూ లేవు. పై నీళ్ళలో ఓ పిసరు కాస్త కిందికి జారిందనుకో, పక్కనున్న చన్నీళ్ళు దాని వేడిని లాగేసుకుంటాయి. ఉప్పుని లాక్కోలేవు, ఎందుకంటే నీళ్ళలో వేడి పాకే వేగంలో ఉప్పుది నూరోవంతు. బుర్ర పోయింది, గోలీలు మిగిలాయి, ఇంక దిగడమే. బుర్ర దొరికిన పక్క నీళ్ళేమో పైకి పోతాయి. ఇలా ఒకటి దిగుతూ, దాని పక్కది ఎక్కుతూ, సన్నటి చేతివేళ్ళలాగా తయారవుతాయి. వీటిని ఉప్పు వేళ్ళనే అంటారు. సముద్రంలో ఇవి కొన్ని సెంటీమీటర్ల మందం ఉంటాయి. అసలు నీళ్ళలో బుర్ర ఒక్కసారే ఊడిపోదు, కొంచెం కొంచెంగా జారుతుంది, అయినా నాకు ఈ పోలిక వదలబుద్ధి కావట్లేదు.

1956లో హెన్రీ స్టామెల్ అనే సముద్ర శాస్త్రవేత్త, ఆయనతో పాటు ఇంకో ఇద్దరు, ఓ తమాషా ఆలోచన చేశారు. పైన వేడిగా ఉప్పగా, కింద చల్లగా ఉప్పు తక్కువగా ఉన్న సముద్రంలో నిలువునా ఓ పొడుగాటి గొట్టం దింపి, కింది నీళ్ళని ఒక్కసారి పైకి తోడితే, తర్వాత ఎవరూ తోడకుండానే అవి వస్తూనే ఉంటాయని. గొట్టం గోడలోంచి వేడి లోపలికి వస్తుంది, ఉప్పు రాదు, అందుకని లోపలి నీళ్ళు తేలికై ఎక్కుతాయి. నాలుగేళ్ళకి మెల్విన్ స్టెర్న్ అనే ఇంకో శాస్త్రవేత్త అసలు గొట్టమే అక్కర్లేదన్నాడు. వేడి, ఉప్పుల వేగాల్లో ఉన్న తేడాయే గొట్టం పని చేస్తుందని!

చంటిగాడూ, ఆవలించకు, ఇంకొంచెమే. బార్బడోస్ దీవికి తూర్పున సముద్రంలోకి కొలిచే పరికరం దించుతూ పోతే వేడి, ఉప్పు మెట్లు మెట్లుగా మారతాయి. ఒక్కో మెట్టు కొన్ని మీటర్ల నుంచి పదుల మీటర్ల దాకా ఉంటుంది. వేళ్ళంత సన్నటి ధారలు మేడంత మెట్లు కట్టడమేమిటో, ఆ లెక్కలు ఈ ఉత్తరంలో పట్టవు, నేను మాత్రం తల్చుకున్నప్పుడల్లా నోరు తెరుస్తాను. మన బంగాళాఖాతం ఉత్తరపు కొసన చలికాలంలో వ్యవహారం తిరగబడుతుంది. గంగ, బ్రహ్మపుత్ర లాంటి నదులు తెచ్చిన మంచినీళ్ళు పైన చల్లబడి పరుచుకుంటే, వాటి కింద ఉప్పునీళ్ళు వెచ్చగా ఉంటాయి. బుర్ర కట్టుకున్నవాడే గోలీల బరువుకి అడుగున ఉండిపోయాడన్నమాట.

సరే, చదివింది చాలు. ఆదివారం పొద్దున అమ్మని పక్కన పెట్టుకుని చెయ్యి. గాజు గ్లాసులో సగందాకా ఫ్రిజ్ నీళ్ళు పోసి, కదలకుండా కాసేపు ఉంచు. ఇంకో గ్లాసు వేడినీళ్ళలో అర టీస్పూను ఉప్పు, నాలుగు చుక్కల సిరా కలుపు. ఉప్పు ఎక్కువేశావో అవి ఊరికే మునిగిపోతాయి, తమాషా ఉండదు. చన్నీళ్ళ మీద గరిటె ఆనించి, ఆ వేడినీళ్ళు దాని మీదుగా నెమ్మదిగా జారేలా అమ్మని పొయ్యమను. రంగు పైనే నిలిస్తే సరిగ్గా పోసినట్టు. అప్పుడు బల్ల ఊపకుండా, గ్లాసు వెనక తెల్లకాగితం పెట్టి, రెండు రంగులు కలిసేచోట చూస్తూ కూర్చో. చంటిగాణ్ణి బల్ల దగ్గరికి రానివ్వకు.

ఎన్ని నిమిషాలకి మొదటి వేలు దిగిందో రాయి.

మీ తాతయ్య