1275 లెక్క పక్కకు పోయాక: అరిజోనా బడి భవనాల తగాదా

బడి భవనాలకు అరిజోనా రాష్ట్రం డబ్బిచ్చే తీరు రాజ్యాంగానికి నిలవదని మారికోపా కౌంటీ సుపీరియర్ కోర్టు 2025 ఆగస్టులో తేల్చడంతో పాత తగాదా మళ్లీ రాజుకుంది. 1994 నాటి రూజ్‌వెల్ట్ తీర్పులోనూ అరిజోనా సుప్రీంకోర్టు బడి భవనాలకు డబ్బిచ్చే తీరును రాజ్యాంగ విరుద్ధమనే చెప్పింది. పాలో వెర్డె అణు విద్యుత్ కేంద్రం ఉన్న రూత్ ఫిషర్ డిస్ట్రిక్ట్‌లో (స్థానికంగా బడులను నడిపే సంస్థ పరిధి) అప్పట్లో ఒక్కో విద్యార్థికి 58 లక్షల డాలర్ల పన్ను విలువ గల ఆస్తి, అపాచీ ఆదివాసుల శాన్ కార్లోస్‌లో 749 డాలర్లది. ఓటర్ల అనుమతితో అప్పు తెచ్చి ఆస్తి పన్నుతో తీర్చే బాండ్లతో బడులు కడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఈనాటి కేసు అర్థం కావాలంటే మాత్రం ఆ తీర్పు తర్వాత వచ్చిన 1998 ‘స్టూడెంట్స్ ఫస్ట్’ చట్టంలోని మరమ్మతుల లెక్క చూడాలి. భవనం విలువను 0.67తో, తర్వాత భవనం వయసుతో గుణించి 1275తో భాగించి, ఆ ఏడు మరమ్మతులకు ఇవ్వాల్సిన మొత్తం తేల్చేవారు. 1 నుంచి 50 దాకా అంకెలు కలిపితే వచ్చేది 1275. కోటి డాలర్ల భవనానికి అయిదో ఏట సుమారు 26 వేల డాలర్లు, ముప్పయ్యో ఏట 1.57 లక్షలు. యాభై ఏళ్లకు మొత్తం 67 లక్షలు. పైకప్పు పాడవకముందే డబ్బు చేతిలో ఉండాలన్నది ఉద్దేశం.

శాసనసభ ఆ మొత్తాన్ని పూర్తిగా ఇచ్చిన ఏళ్లు తక్కువే. 2008 మాంద్యంతో అదీ ఆగింది, 2013లో లెక్కనే చట్టంలోంచి తీసేశారు. మిగిలింది గ్రాంటు. భవనం కనీస ప్రమాణం కంటే దిగజారిందని డిస్ట్రిక్టే చూపించాలి. తనిఖీ, ఇంజనీరు నివేదిక, డిజైను, ఆ పైన పని. ఈలోపు నీరు పైకప్పు కింది ఇన్సులేషన్‌లోకి దిగి, కప్పును మోసే లోహపు డెక్కు తుప్పుపట్టి, వైరింగు దాకా వస్తుంది. పైపొర మార్చితే సరిపోయే పని కప్పునే మార్చే పనవుతుంది. పరిపాలనా భవనాలకు ఈ గ్రాంటు అసలు వర్తించదు.

గ్రాంట్లు కోట్లలో ఇస్తున్నామని, డిస్ట్రిక్టులకు వేరే నిధులూ ఉన్నాయని రాష్ట్రం వాదన. ఆ వేరే నిధుల్లో పెద్దది మళ్లీ బాండే. ఆదివాసుల రిజర్వేషన్లలో, వారి తరఫున కేంద్ర ప్రభుత్వం ట్రస్టుగా ఉంచే భూమి మీద ఆస్తి పన్ను వేయకూడదు. అక్కడ ఓటర్లు సరేనన్నా బాండుకు తగినంత పన్ను పునాది ఉండదు.