చలికాలపు చక్రాలు కొనే ముందు

చిరంజీవులకు ఆశీస్సులు.

మిషిగన్‌లో, మినెసోటాలో, కెనడాలో ఉంటూ వెనక చక్రాలతో నడిచే స్పోర్ట్స్ కార్లు కొనుక్కున్న మీ అందరికీ కలిపి ఈ ఉత్తరం. మన విజయవాడలోనో వరంగల్లోనో టైరు మార్చేది అరిగిపోయినప్పుడే. అక్కడ నిన్న కొన్న టైరు కూడా చలికి పనికిరాకుండా పోతుంది. అందరికీ తెలిసిన టయోటా జీఆర్86నే ఉదాహరణగా తీసుకుంటాను. మీది వేరే కారైతే కొలతలు మారతాయి గానీ చూసుకోవాల్సిన వరస మారదు.

18 అంగుళాల చక్రాల జీఆర్86కి కంపెనీ నుంచి వచ్చేవి వేసవి టైర్లు. వాతావరణం 7 డిగ్రీల సెల్సియస్ కంటే దిగితే ఆ రబ్బరు గట్టిపడుతుంది. మంచు పడకపోయినా, రోడ్డు పొడిగా ఉన్నా పట్టు తగ్గుతుంది. మైనస్ 7 దాకా వెళితే అసలు కదిలించొద్దని, రబ్బరు పగిలే ప్రమాదం ఉందని తయారీదారులే హెచ్చరిస్తారు. అందుకని మంచు పడే రోజు దాకా ఆగకండి. పొద్దున పూట చలి 7 డిగ్రీలకు చేరగానే మార్చేయండి. మాంట్రియల్‌లో ఉన్నవాళ్లకు ఇది చట్టం కూడా. క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు తప్పనిసరి.

“తోసేవి వెనక చక్రాలే కదా, ఆ రెండూ మారిస్తే చాలదా?” అని అడుగుతారు. చాలదు. బండి కదులుతుంది, కానీ బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు వస్తుంది. అక్కడ పట్టు లేకపోతే బండి ఆగదు, స్టీరింగ్ తిప్పినా వినదు. ముందు రెండే మారిస్తే ఇంకా అపాయం. మలుపులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే వెనక భాగం పక్కకు కొట్టుకుపోతుంది. నాలుగూ మార్చాలి, నాలుగూ ఒకే రకం ఉండాలి. బండి జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ ఉందిగా అనుకోకండి. అది ఉన్న పట్టును పొదుపుగా వాడుతుందే తప్ప లేని పట్టును పుట్టించలేదు.

సైజు దగ్గర నా సలహా ఒక్కటే: చిన్న రిమ్, కాస్త సన్నటి టైరు, ఎత్తయిన పక్కగోడ. 215/40 ఆర్18 బదులు 205/55 ఆర్16 (వరసగా మిల్లీమీటర్లలో వెడల్పు, అందులో ఎంత శాతం పక్కగోడ ఎత్తు, అంగుళాల్లో రిమ్). మొత్తం వ్యాసం మొదటిదానికి 629 మిల్లీమీటర్లు, రెండోదానికి 632. స్పీడోమీటరుకు తేడా తెలియదు. టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే లోడ్ నంబరు కూడా 85 నుంచి 91కి పెరుగుతుంది. సన్నటి టైరు మెత్తటి మంచును కోసుకుంటూ కిందికి దిగుతుంది, వెడల్పుది పైకి తేలుతుంది. మంచు కరిగే రోజుల్లో రోడ్లన్నీ గుంతలే. అప్పుడు రిమ్ వంకరపోకుండా కాపాడేది ఆ పక్కగోడే. ధర కూడా తక్కువ. మస్టాంగ్ వంటి కార్లలో వెనక టైర్లు వెడల్పుగా వచ్చే మోడళ్లుంటే, చలికాలానికి నాలుగూ ఒకే సైజు పెట్టుకోండి. ముందువి వెనక్కి మార్చుకుంటూ సమానంగా అరిగేలా వాడొచ్చు.

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది రిమ్ కొనే దగ్గర. మొదట చూడాల్సింది బ్రేకు. పెద్ద బ్రెంబో కంపెనీ క్యాలిపర్లు (బ్రేకు డిస్కును నొక్కి పట్టే భాగాలు) ఉన్న మోడల్‌కి 16 అంగుళాల ఆశ వదులుకోండి. మామూలు బ్రేకులకు చాలా 16 అంగుళాల రిమ్ములు పడతాయి, కానీ అన్నీ పడవు. రిమ్ తయారీదారు బ్రేకు నమూనా గీసిన కాగితం ఇస్తే అట్టకు అంటించి కత్తిరించి క్యాలిపర్ మీద పెట్టి చూడండి. ఎక్కడా 3 మిల్లీమీటర్ల కంటే తక్కువ సందు ఉండకూడదు.

తర్వాత బోల్టుల కొలత. ఈ కారుకు 100 మిల్లీమీటర్ల వృత్తం మీద 5 బోల్టులు. వెడల్పు 7 అంగుళాలు, ఆఫ్‌సెట్ (రిమ్ మధ్య గీత నుంచి బిగించే ముఖం ఎంత దూరమో చెప్పే కొలత) 48 మిల్లీమీటర్లకి దగ్గరగా ఉంటే సరిపోతుంది. మధ్య రంధ్రం 56.1 మిల్లీమీటర్లు. బయట కంపెనీల రిమ్ములకు ఆ రంధ్రం పెద్దగా ఉంటుంది. ఆ సందును హబ్ రింగ్‌తో (చక్రం బిగించే హబ్‌కీ రిమ్‌కీ మధ్య పెట్టే వలయం) పూడ్చకపోతే హైవే వేగంలో స్టీరింగ్ వణుకుతుంది, బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా పోదు. చలికాలానికి ప్లాస్టిక్ రింగులే మేలు. అల్యూమినియంవి రోడ్డు ఉప్పుకు హబ్‌కి పట్టేసుకుని ఊడిరావు.

నట్టు కూర్చునే చోటు వేలితో తడిమి చూడండి. ఈ కారు నట్టు కోసుగా ఉంటుంది. రిమ్‌లో గూడు గుండ్రంగా ఉంటే రెండూ సన్నటి గీత మేరకే తాకుతాయి. బిగింపు కొలిచే టార్క్ రెంచి సరిగ్గా బిగిసిందనే చెబుతుంది, కానీ నాలుగు రోజుల్లో నట్టు వదులవుతుంది. క్రోమ్ రిమ్ములు ఉప్పుకు పొరలు లేస్తాయి, వద్దు. రంగు వేసిన మామూలు అల్లాయ్ చాలు.

టైరు మీద కొండ బొమ్మ, అందులో మంచు రేకు గుర్తు ఉండాలి. ఎం ప్లస్ ఎస్ అని మాత్రమే ఉంటే అది టైరు మీది గాడుల ఆకారం గురించే, మంచులో పరీక్షించారని కాదు. మంచుగడ్డ మీద ఎక్కువ తిరిగేవాళ్లకు బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్ డబ్ల్యూఎస్90, మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో వంటివి. మంచు తోసేసిన పొడి హైవేల మీద వేగంగా వెళ్లేవాళ్లకు మిషెలిన్ పైలట్ ఆల్పిన్ 5 లాంటివి. మొదటి రకం మలుపుల్లో మెత్తగా అనిపిస్తుంది. అయినా సరే, మినెసోటావాళ్లు ఆ మొదటి రకమే తీసుకోండి. బ్లిజాక్‌లో ఆ ప్రత్యేక రబ్బరు పై సగం లోతు వరకే ఉంటుంది. ఏ టైరైనా గాడుల లోతు 4 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మంచుకు పనికిరాదు.

బిగించే ముందు హబ్ మీద తుప్పు వైరు బ్రష్‌తో గీకేయండి. నట్లు చేత్తో ఎక్కించి, నక్షత్రం వరసలో 120 న్యూటన్ మీటర్లకు బిగించండి. 80 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడండి. టైరు గాలి కొలిచే ప్రెషర్ సెన్సర్లు కొత్త రిమ్ములకూ వేయించండి. పాత సెన్సర్ల నంబర్లనే వాటిలో కాపీ చేయిస్తే ప్రతి సీజనుకూ వాటిని కారులో రిజిస్టరు చేయించే పని తప్పుతుంది. చలి 5 లేదా 6 డిగ్రీలు పెరిగినప్పుడల్లా టైరులో గాలి ఒత్తిడి దాదాపు ఒక పీఎస్‌ఐ పడిపోతుంది, కాబట్టి బండి నడపకముందే కొలవండి.

డిక్కీలో ఇసుక మూటలు వేయొద్దు, ఈ కారుకు అక్కర్లేదు. ఇరుసు వెనక బరువు పడితే జారిన తోకను సరిచేయడం కష్టమవుతుంది. ఇంకొకటి: కారు పొట్ట నేలకు సుమారు 13 సెంటీమీటర్ల ఎత్తే. మంచు అంతకంటే లోతుగా ఉంటే ఏ టైరూ ఆదుకోదు, ఆ రోజు ఇంట్లో ఉండండి.

సెప్టెంబర్‌లోనే ఆర్డర్ పెట్టండి, నవంబర్‌కి మంచి సైజులు అయిపోతాయి. ఎవరికైనా అనుమానం ఉంటే కారు సంవత్సరం, బ్రేకు ఫోటో, చూసిన రిమ్ కొలతలు రాసి పంపండి. డబ్బు కట్టక ముందు పంపండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న