పాత రైఫిల్‌కు కొత్త సేఫ్టీ ఎందుకు?

కడప

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

కర్నూలులో పోలీసు అమరవీరుల వారోత్సవాలకు వెళ్లి తుపాకులు చూసి వచ్చారని మీ అమ్మ చెప్పింది. పాత సైనిక రైఫిల్‌కు టెలిస్కోపు బిగిస్తే సేఫ్టీ, అంటే తుపాకీ పొరపాటున పేలకుండా ఆపే మీట, కూడా మార్చాలట, ఎందుకని అడిగారట. సైన్యంలో ఆయుధాలు బాగుచేసిన చేతులివి, ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోలేను.

అన్ని పాత రైఫిళ్లకూ ఈ తంటా లేదు. అక్కడ మీరు చూసిన త్రీ నాట్ త్రీకి సేఫ్టీ మీట ఎడమ పక్కన ఉంటుంది. ముందుకు తిప్పితే పేల్చడానికి సిద్ధం, వెనక్కి తిప్పితే భద్రం. పైన ఏం పెట్టినా దానికి అడ్డు రాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు ఈ జాతి రైఫిల్‌కే టెలిస్కోపు పెట్టి స్నైపర్ల చేతికిచ్చారు, సేఫ్టీ జోలికి పోలేదు.

చిక్కంతా జర్మన్ల మౌజర్‌తో. 1898లో జర్మన్ సైన్యం స్వీకరించిన ఈ రైఫిల్‌ను చూసి ఎన్నో దేశాలు తమవి చేసుకున్నాయి. అమెరికా కూడా తన స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ కోసం మౌజర్ కంపెనీకి డబ్బు కట్టాల్సి వచ్చింది. మౌజర్ బోల్టు, అంటే తూటాను లోపలికి తోసి వెనక దారి మూసే భాగం, మన పెరటి తలుపు గడియలాగే పనిచేస్తుంది: ముందుకు తోసి పిడిని కిందికి వాల్చితే బిగుసుకుంటుంది. ఆ బోల్టు తోక మీద చిన్న జెండాలాంటి రెక్క ఉంటుంది, అదే సేఫ్టీ. ఎడమకు వాలి ఉంటే తుపాకీ పేలుతుంది. నిటారుగా నిలిపితే పేలదు కానీ బోల్టు తెరుచుకుంటుంది. కుడికి వాల్చితే పేలదు, బోల్టూ కదలదు. నిటారుగా ఉన్నప్పుడు రెక్క సరిగ్గా గురి చూసే దారిలోనే నిలబడుతుంది కాబట్టి సిపాయి ఒక్క చూపులో సంగతి గ్రహిస్తాడు. చక్కని ఆలోచన.

ఇప్పుడు టెలిస్కోపు పెట్టండి. కన్ను దాని వెనక అద్దానికి సుమారు మూడు అంగుళాల దూరంలో ఉంటేనే బొమ్మ నిండుగా కనిపిస్తుంది. అందుకని గొట్టం వెనక కొస బోల్టు తోక మీదికే వస్తుంది. గొట్టాన్ని తక్కువ ఎత్తులో బిగిస్తే రెక్క పైకి లేవడానికి చోటుండదు. ఎత్తుగా బిగిస్తే కాల్చేవాడి చెంప తుపాకీ వెనక కర్రకు ఆనదు, తల గాలిలో వేలాడుతుంది. యుద్ధం ముగిశాక అమెరికాలో చాలామంది మౌజర్లను వేట తుపాకులుగా మార్చుకున్నారు. అప్పుడే పక్కకు తిరిగే పొట్టి మీటల సేఫ్టీలకు గిరాకీ పెరిగింది. వాటిలో బాగా పేరొచ్చింది విన్‌చెస్టర్ మోడల్ 70 అనే అమెరికన్ వేట రైఫిల్ తరహాది. మీట కుడి పక్కన ముందుకూ వెనక్కూ కదులుతుంది, మూడు స్థానాలూ అలాగే ఉంటాయి. బోల్టు పిడిని కూడా మరింత కిందికి వంచాలి, లేకపోతే అది గొట్టానికి తగులుతుంది.

మీట చోటు మారితే చాలదు. అది లోపల దేన్ని పట్టుకుంటుందో చూడాలి. తూటాను పొడిచే పిన్ను వెనక కాకింగ్ పీస్ అనే ఇనుప ముక్క ఉంటుంది. మామూలుగా దాన్ని ఆపి ఉంచేది ట్రిగ్గర్‌కు తగులుకున్న సియర్ అనే కొక్కెం. మౌజర్ రెక్కను తిప్పగానే దాని కడ్డీ ఆ ముక్కను వెంట్రుకవాసి వెనక్కి లాగి, సియర్ మీద బరువు లేకుండా తానే పట్టుకుంటుంది. కింద సియర్ అరిగిపోయినా పిన్ను కదలదు. మార్కెట్లో ఇంకో రకం ఉంది, ట్రిగ్గర్‌ను మాత్రమే కదలకుండా ఆపుతుంది, చవక, అమర్చడం సులువు. నాకది నచ్చదు. వేలిని ఆపుతుంది, పిన్నును ఆపదు.

మంచి రకానికీ ఒక గండం ఉంది. కాకింగ్ పీస్ మీద గాటును ఆకురాయితో సరిచేసి కడ్డీకి అమర్చాలి. తక్కువ అరగదీస్తే మీట తిరగదు, దాంతో ప్రమాదం లేదు. ఎక్కువ అరగదీస్తే మీట హాయిగా తిరుగుతుంది, కానీ ముక్క వెనక్కి రాదు. అప్పుడు సేఫ్టీ వేసి ఉండగా ఎవరైనా ట్రిగ్గర్ నొక్కితే సియర్ కిందికి దిగి, తిరిగి పైకి లేచి పట్టుకోలేకపోతుంది. ఏమీ జరగదు. తర్వాత సేఫ్టీ తీసిన క్షణాన, వేలు ట్రిగ్గర్ మీద లేకపోయినా, తుపాకీ పేలుతుంది! అందుకే ఈ పని చేసినవాడు ఖాళీ తుపాకీతో ఆ వరసలోనే పరీక్షించాకే దాన్ని వదలాలి.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడమే కాదు, బాగుచేయడమూ నేరమే. యూట్యూబ్ చూసి నేర్చుకునే విద్య కాదిది.

గొట్టాన్ని ముందుకు జరిపితే సరిపోదా అని బుడ్డోడు అడిగాడట. మంచి ప్రశ్న. జర్మన్లు చేసిందీ అదే. జెడ్‌ఎఫ్ 41 అనే చిన్న టెలిస్కోపును వెనక గురిపట్టీ దగ్గర, కంటికి దూరంగా బిగించారు. సేఫ్టీ మార్చలేదు, పిడి వంచలేదు. కానీ అది ఒకటిన్నర రెట్లే పెద్దగా చూపేది. కన్ను అంత దూరంలో ఉంటే గొట్టంలో కనిపించేది చిటికెడు. దాన్ని మోసిన స్నైపర్లు మెచ్చుకోలేదు.

మీ తాతయ్య