ఇంటి వడ్రంగి గదిలో గాలి లెక్క

టేబుల్ సా (బల్లకు బిగించిన రంపం) కింద గుట్టగా పడిన పొట్టును చూశాకే చాలామందికి డస్ట్ కలెక్టర్, అంటే పొట్టును పీల్చే యంత్రం, కొనాలనిపిస్తుంది. ఊడ్చే పని తప్పుతుంది కదా అని. కానీ నేల మీద పడిన పొట్టు ఊపిరితిత్తుల్లోకి పోదు. కింద పడకుండా గాలిలో మిగిలిపోయిన పొడితోనే అసలు గొడవ. విశాఖలో, మధురవాడలో కారు షెడ్డులోనో, ఎంవీపీ కాలనీలో మేడ మీద రేకుల గదిలోనో సెలవు రోజుల్లో చెక్కపని చేసుకునేవాళ్లు డబ్బు పెట్టేముందు ఈ తేడాను బాగా గుర్తుంచుకోవాలని నా కోరిక.

మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. రంపపు పొడిలో అంతకన్నా పెద్ద రేణువులూ ఉంటాయి, 10 మైక్రాన్ల లోపువీ ఉంటాయి. శాండ్ పేపర్ పని మొదలుపెడితే ఈ చిన్నవాటి పాలు బాగా పెరుగుతుంది. చిన్న రేణువు గాలిలో కిందికి దిగే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుందని 1851లో జార్జ్ స్టోక్స్ లెక్కగట్టాడు. అంటే వ్యాసం పదో వంతయితే వేగం నూరో వంతవుతుంది. నీటంత సాంద్రత ఉన్న రేణువులను ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి, కదలని గాలిలో వదిలామనుకోండి. 100 మైక్రాన్లది ఆరు సెకన్లలో నేలకు చేరుతుంది. 10 మైక్రాన్లది 8 నిమిషాలు తీసుకుంటుంది. 1 మైక్రాన్‌ది దిగడానికి దాదాపు 12 గంటలు కావాలి.  ఫ్యాన్ తిరిగే గదిలో అయితే అది దిగనే దిగదు. పని ముగించి, మాస్క్ తీసేసి, అదే గదిలో కూర్చుని టీ తాగేటప్పుడు పీల్చేది ఈ పొడినే. రాత్రి లైట్లన్నీ ఆర్పి ఒక్క టార్చి వేసి చూడండి. ఆ వెలుగులో తేలేదంతా అదే.

దీని వల్ల జరిగే హాని ఊహ కాదు. ఇంగ్లాండ్‌లో హై వికం అనే పట్టణం కుర్చీల తయారీకి పేరు. అక్కడ ముక్కు లోపల వచ్చే అరుదైన క్యాన్సర్ ఫర్నిచర్ పనివాళ్లలో ఎక్కువగా కనిపిస్తోందని 1960ల్లో ఎస్మీ హాడ్‌ఫీల్డ్ అనే ఈఎన్‌టీ సర్జన్ గమనించారు. 1968లో డోనాల్డ్ అచెసన్, ఆమె, మరికొందరు కలిసి ఆ వివరాలను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లో చెక్క పొడిని మొదటి వర్గంలో చేర్చింది. మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైనవాటి జాబితా అది. రోజూ ఎనిమిది గంటలు పనిచేసేవాళ్ల ముప్పూ, ఆదివారం రెండు గంటలు పనిచేసేవాళ్ల ముప్పూ ఒకటి కావు, భయపడిపోనక్కర్లేదు. అయినా టేకు, రోజ్‌వుడ్ పొడి కొందరిలో చర్మం మీద దద్దుర్లు, తుమ్ములు, ఉబ్బసం తెస్తుంది. ఒకసారి ఆ అలర్జీ పట్టుకుందంటే తర్వాత కొంచెం పొడి తగిలినా చాలు. ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కి చేసే పలక) పొడితో పాటు దాని జిగురులోని ఫార్మాల్డిహైడ్ అనే హానికర రసాయనం కూడా వస్తుంది.

యూరప్‌లో గట్టి చెక్కల పొడికి పని ప్రదేశంలో పెట్టిన పరిమితి ఘనపు మీటరు గాలికి 2 మిల్లీగ్రాములు. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తున్న షెడ్డులో 36 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అంటే ఆ గది మొత్తంలో 72 మిల్లీగ్రాముల పొడి తేలుతుంటే చాలు, పరిమితిని చేరినట్టే. వేళ్ల మధ్య పట్టే చిటికెడు ఉప్పు అంతకన్నా ఎక్కువే తూగుతుంది. పోర్టు బొగ్గు ధూళి గురించి విశాఖ పాతనగరం ఏళ్ల తరబడి మాట్లాడుతూనే ఉంది, మాట్లాడాలి కూడా. సొంత షెడ్డులోని గాలి మీదా అంతే శ్రద్ధ పెట్టాలి.

ఇక యంత్రం సంగతి. కొనేవాళ్లు మొదట అడిగేది ఎన్ని హెచ్‌పీ అని. నేనైతే పొడి పుట్టే చోటుకు గొట్టం ఎంత దగ్గరగా వస్తుందని అడుగుతాను. దీపాన్ని నోటితో ఊది ఆర్పగలం, పీల్చి ఆర్పలేం. ఊదిన గాలి ఒకే దారిలో దూరం పోతుంది. పీల్చినప్పుడు గాలి అన్ని వైపుల నుంచీ వచ్చి చేరుతుంది కాబట్టి దూరంలో బలం ఉండదు. గొట్టం మూతి నుంచి దాని వ్యాసమంత దూరం జరిగితే చాలు, గాలి వేగంలో పదో వంతు కూడా మిగలదు. నాలుగంగుళాల గొట్టంలో సెకనుకు 20 మీటర్ల వేగంతో గాలి పోతున్నా, నాలుగంగుళాల అవతల అది 2 మీటర్లకు లోపే. ఇటు నిమిషానికి 4,000 చుట్లు తిరిగే పదంగుళాల బ్లేడు అంచు వేగం సెకనుకు 50 మీటర్లు దాటుతుంది. ఆ పళ్లు విసిరే పొడిని దూరం నుంచి పీల్చి పట్టే మోటారు ఇంటికి తెచ్చుకోగలిగేది ఏదీ లేదు. బ్లేడు కింది భాగానికి పెట్టె కట్టాలి, పైన గొట్టం తగిలించిన గార్డు పెట్టాలి. పొడి తప్పించుకునే సందులు మూసేయాలి. వెయ్యి రూపాయల ప్లైవుడ్ ముక్కలతో చేసిన ఈ పని ఇంకో హెచ్‌పీ మోటారు కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

యంత్రాల్లో రెండు జాతులున్నాయి. వెట్ అండ్ డ్రై వాక్యూమ్ క్లీనర్ తక్కువ గాలిని గట్టిగా లాగుతుంది. సన్న గొట్టంలోనూ దాని పీల్చుడు తగ్గదు. శాండర్, రౌటర్, జిగ్ సా లాంటి చేతి పరికరాలకు అదే సరైనది. డస్ట్ కలెక్టర్ పద్ధతి వేరు. లాగే బలం తక్కువ, కదిపే గాలి ఎక్కువ. టేబుల్ సా, ప్లేనర్లకు అది కావాలి. చేతి పరికరాలు మాత్రమే ఉన్నవాళ్లు డస్ట్ కలెక్టర్ జోలికి పోనక్కర్లేదు. మంచి ఫిల్టర్ ఉన్న వాక్యూమ్, దానికి సరిగ్గా బిగిసే గొట్టం ఉన్న శాండర్ చాలు. వాక్యూమ్ ఫిల్టర్లకు యూరప్‌లో ఎల్, ఎం, హెచ్ అనే తరగతులున్నాయి. ఎం తరగతిది వచ్చిన పొడిలో వెయ్యో వంతుకు మించి బయటికి వదలకూడదు. దొరికితే అదే తీసుకోండి.

డస్ట్ కలెక్టర్ కొనేవాళ్లు పైపును తక్కువగా చూడకూడదు. పొట్టు దారిలో పడిపోకుండా సాగాలంటే గాలి సెకనుకు 20 మీటర్ల వేగంతో పోవాలి. ఆ వేగంతో నాలుగంగుళాల పైపు నిమిషానికి సుమారు 350 ఘనపు అడుగుల గాలిని మోస్తుంది, షాపుల్లో దీన్నే సీఎఫ్ఎం అంటారు. ఆరంగుళాల పైపు 785 మోస్తుంది. వెడల్పు ఒకటిన్నర రెట్లే పెరిగింది, గాలి రెండుంపావు రెట్లు పెరిగింది. హార్డ్‌వేర్ షాపుల్లో డ్రైనేజీకి అమ్మే 110 మిల్లీమీటర్ల, 160 మిల్లీమీటర్ల పీవీసీ పైపులు ఇంచుమించు ఈ కొలతలవే. మెయిన్ లైనుకు 160ది వేయండి. 90 డిగ్రీల ఎల్బో ఒకటి పెట్టే బదులు 45 డిగ్రీల బెండ్లు రెండు పెట్టండి. ముడతల గొట్టం గాలిని బాగా అడ్డుకుంటుంది, చివర తప్పనిసరైన మూరెడు చాలు.

డబ్బా మీది సీఎఫ్ఎం అంకెను నమ్మి లెక్క వేయకండి. పైపు, ఫిల్టర్ ఏవీ తగిలించకుండా కొలిచిన అంకె అది. అమెరికా వీడియోలు చూసి ఎంచుకునేవాళ్లకు ఇంకో చిక్కుంది. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. అక్కడ నిమిషానికి 3,450 చుట్లు తిరిగే మోటారు రకం ఇక్కడ 2,850 చుట్లే తిరుగుతుంది. అదే రెక్కల చక్రమైతే కదిలే గాలి చక్రం వేగంతో సమానంగా తగ్గుతుంది, ఒత్తిడి ఆ వేగం వర్గంతో తగ్గుతుంది. అంటే గాలి 83 శాతానికి, లాగే బలం 68 శాతానికి పడిపోతాయి. అక్కడ ఒకటిన్నర హెచ్‌పీ చాలంటే ఇక్కడ రెండు హెచ్‌పీ చూసుకోవడం మంచిది. రంపం, కలెక్టర్ ఒకేసారి నడుస్తాయి కాబట్టి వాటికి వేరువేరు 16 ఆంపియర్ల పాయింట్లు వేయించాలి.

సైక్లోన్ గురించి కొంత. శంకువు ఆకారపు డబ్బాలో గాలి గిర్రున తిరిగితే బరువైన రేణువులు గోడకు కొట్టుకుని, వేగం పోయి కింది డ్రమ్ములో పడతాయి. జేమ్స్ డైసన్‌కు సంచి లేని వాక్యూమ్ క్లీనర్ ఆలోచన కలిగించింది రంపపు మిల్లు మీదున్న ఇలాంటి సైక్లోనే. పొట్టంతా దీనిలోనే ఆగిపోతే ఫిల్టర్ త్వరగా పూడదు. కానీ కొన్ని మైక్రాన్ల రేణువులు గాలి ఎటు తిరిగితే అటే తిరిగి బయటపడతాయి. కాబట్టి సైక్లోన్ ఫిల్టర్‌కు తోడు మాత్రమే.

ఫిల్టర్ల విషయంలో ఒక వింత ఉంది. పెద్ద రేణువులు జడత్వం వల్ల మలుపు తిరగలేక ఫిల్టర్ పోగులకు గుద్దుకుంటాయి. మరీ చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ ఊగి పోగులకు అంటుకుంటాయి. మధ్యలో, 0.3 మైక్రాన్ల దగ్గర, ఈ రెండూ సరిగ్గా పనిచేయవు. అందుకే సన్న పొడిని ఆపే మేలిరకం ఫిల్టర్‌ను, అంటే హెపా ఫిల్టర్‌ను, ఆ కష్టమైన కొలత దగ్గరే పరీక్షిస్తారు. అక్కడ 99.97 శాతం ఆపాలి. చవక కలెక్టర్లతో వచ్చే గుడ్డ సంచి 30 మైక్రాన్ల దాకే ఆపుతుంది. దానితో నేల శుభ్రంగా కనిపిస్తుంది, సన్న పొడి మాత్రం సంచిలోంచి చిమ్మి గదంతా పరుచుకుంటుంది. నా దృష్టిలో అలాంటి కలెక్టర్‌ను గదిలో పెట్టుకోవడం అసలు లేకపోవడం కన్నా ప్రమాదం, ఎందుకంటే మనిషి మాస్క్ పక్కన పెట్టేస్తాడు.

విశాఖలో మనకున్న సౌలభ్యం ఇక్కడ పనికొస్తుంది. చలిదేశాల్లో వెచ్చని గాలి బయటికి పోకూడదని ఫిల్టర్ చేసి గదిలోకే వదులుతారు. మనకు ఆ అవసరం లేదు. కలెక్టర్‌ను గది బయట, వరండాలో పెట్టి, సైక్లోన్ దాటిన గాలిని బయటికే వదిలేయవచ్చు. అప్పుడు గదిలోకి తాజా గాలి రావాలి. 785 సీఎఫ్ఎం అంటే నిమిషానికి 22 ఘనపు మీటర్లు. 36 ఘనపు మీటర్ల షెడ్డులోని గాలంతా రెండు నిమిషాల లోపే మారిపోతుంది. కిటికీ మూసి ఉంటే పీల్చుడే పడిపోతుంది. మనకు సముద్రం ఆగ్నేయం వైపు. పగలు సముద్రపు గాలి అటు నుంచి వీస్తుంది, రాత్రికి దిశ మారుతుంది. మధ్యాహ్నం పనిచేసేవాళ్లు ఆగ్నేయపు కిటికీ తెరిచి, ఎదుటి గోడ వైపు గాలి వదిలేలా పెట్టుకోవచ్చు. కొండల వల్ల, అపార్ట్‌మెంట్ల వల్ల సందు సందుకూ గాలి మారుతుంది. అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో చూసి నిర్ణయించుకోండి. గోడ పక్కనే పొరుగింటి కిటికీ ఉంటే ఈ దారి వదిలేయాలి. మన పొడి వాళ్ల పిల్లలు పీల్చకూడదు. అలాంటప్పుడు డబ్బు మంచి ఫిల్టర్ మీదే పెట్టాలి.

తేమ వల్ల ఫిల్టర్ మీద పొడి గట్టిపడుతుంది. పని అవగానే దులపాలి, సంచిలో పొట్టును వారాల తరబడి ఉంచితే బూజు పడుతుంది. బీచ్ దగ్గర ఇళ్లలో ఉప్పు గాలికి రేకు పైపులు తుప్పు పడతాయి. పీవీసీలో స్టాటిక్ కరెంటు గురించి చాలామంది టెన్షన్ పడతారు గానీ, ఇంటి స్థాయిలో అది చిన్న షాక్‌తో పోతుంది. అసలు జాగ్రత్త మేకులతో. పాత ఇళ్ల టేకు ద్వారబంధాల్లో మిగిలిన మేకు కలెక్టర్ లోపలి ఇనుప రెక్కకు తగిలితే నిప్పురవ్వ లేస్తుంది, అది పొట్టులో గంటల తరబడి రాజుకుంటుంది. పాత చెక్క కోసిన రోజు డ్రమ్ము ఖాళీ చేయకుండా షెడ్డు మూయకండి.

కర్రను గిర్రున తిప్పుతూ చెక్కే లేత్ మీద పని ఇంకా కష్టం. అంకుడు కర్ర మీద ఏటికొప్పాక బొమ్మలు తీసినట్టు ఇంట్లో తీద్దామనుకునేవాళ్లకు పెచ్చులు అన్ని వైపులా ఎగురుతాయి, వాటిని వదిలేయండి. నునుపు చేసేటప్పుడు మాత్రం వెడల్పాటి మూతిని కర్ర వెనకే, బెత్తెడు దూరంలో ఉంచాలి. అక్కడా, డ్రమ్ము ఖాళీ చేసేటప్పుడూ ఎన్95 కానీ, ఐఎస్ 9473 ముద్ర ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2 కానీ ముఖానికి బిగించి పెట్టుకోవాలి. సర్జికల్ మాస్క్ పక్కల నుంచి గాలి వదిలేస్తుంది.

డ్రమ్ములోని పొట్టును ఏం చేయాలన్నది చెక్కను బట్టి ఉంటుంది. మామిడి, వేప లాంటి ఒట్టి చెక్క పొట్టును మొక్కల కుండీల మీద పలచగా పరచవచ్చు. ప్లైవుడ్, ఎండీఎఫ్ కలిసిన పొట్టును మొక్కలకు వేయకండి, కట్టెల పొయ్యిలోకి ఎవరైనా అడిగినా ఇవ్వకండి, కాలితే ఆ జిగురంతా పొగలోకి వస్తుంది. తడిపి, సంచిలో మూతి కట్టి చెత్త బండికి ఇవ్వండి. పొడిగా విప్పితే పట్టిన సన్న పొడి మళ్లీ గాలిలోకి లేస్తుంది.