ప్రిచర్డ్ రజతాలు ఎవరి ఖాతాలో?

2024 పారిస్ ఒలింపిక్స్‌లో షూటర్ మను భాకర్ రెండో కాంస్యం గెలిచినప్పుడు చాలా వార్తల్లో ఒక జాగ్రత్త కనిపించింది. ఒకే ఒలింపిక్స్‌లో రెండు పతకాలు గెలిచిన తొలి భారత అథ్లెట్ అని ఊరుకోకుండా, ముందు ‘స్వతంత్ర భారతంలో’ అని తగిలించారు. ఆ జాగ్రత్తంతా బ్రిటిష్ పాలన నాటి కలకత్తా అథ్లెట్ నార్మన్ ప్రిచర్డ్ వల్ల. ఇదే పారిస్‌లో 1900 ఒలింపిక్స్‌లో అతను 200 మీటర్ల పరుగులో ఒకటి, 200 మీటర్ల హర్డిల్స్‌లో ఒకటి రజతాలు గెలిచాడు. అవి మనవా, బ్రిటన్‌వా? పాత గొడవ మళ్లీ లేచింది.

కలకత్తాలో పుట్టుక, సెయింట్ జేవియర్స్ చదువు, తర్వాత నార్మన్ ట్రెవర్ పేరుతో హాలీవుడ్ మూకీల్లో వేషాలు... ఇవన్నీ చాలామంది రాసేసినవే. ఆటల సంగతి మాత్రం కాస్త చెప్పాలి. 1894 నుంచి 1900 దాకా ఏడేళ్లు వరసగా బెంగాల్ 100 గజాల టైటిల్ అతనిదే. 1897లో ఫుట్‌బాల్‌లో శోభాబజార్ జట్టుపై హ్యాట్రిక్ కొట్టాడు. ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగానూ పనిచేశాడు.

తగువంతా 1900 జులైలో ఒక్క వారం దగ్గర ఉంది. ఇంగ్లండ్ వెళ్లిన ప్రిచర్డ్ అక్కడ లండన్ అథ్లెటిక్ క్లబ్‌లో చేరాడు. జులై 7న లండన్‌లోని స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్‌లో జరిగిన అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్‌లో 120 గజాల హర్డిల్స్‌లో అమెరికన్ ఆల్విన్ క్రేన్జ్‌లీన్ తర్వాత రెండోవాడిగా వచ్చాడు. వారం తిరిగేసరికి పారిస్‌లో ఉన్నాడు. లండన్ పరుగు చూసే బ్రిటన్ తరఫున ఎంపిక చేశారన్నది అక్కడి చరిత్రకారుల వాదన. అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య కూడా 2005 నాటి గణాంకాల్లో ఆ పతకాలను బ్రిటన్ కింద వేసింది.

అయితే లండన్ పోటీల్లో అతని పేరు పక్కన బెంగాల్ ప్రెసిడెన్సీ అథ్లెటిక్ క్లబ్ కూడా ఉంది. ఆ ఏడాది దేశాలు పద్ధతిగా జట్లను పంపిందీ లేదు. క్లబ్బుల పేరు మీద కొందరు, సొంతంగా కొందరు వచ్చారు. పరుగులు పెట్టింది బ్వా ద బులోన్ అడవిలో, చెట్ల మధ్య ఎగుడుదిగుడు గడ్డి మీద. మన దేశం జట్టంటూ పంపింది 1920లో, ఆంట్‌వెర్ప్‌కి.

జులై 22న జరిగిన 200 మీటర్ల ఫైనల్ చూడండి. వాల్టర్ ట్యూక్స్‌బరీ 22.2 సెకన్లు, ప్రిచర్డ్ 22.8, మూడోవాడు స్టాన్ రౌలీ. రౌలీది న్యూ సౌత్ వేల్స్, అదీ బ్రిటిష్ వలసే. ఆస్ట్రేలియా ఒక దేశంగా ఏర్పడిందే 1901 జనవరి 1న. పైగా ఆ ఒలింపిక్స్‌లోనే 5000 మీటర్ల జట్టు పందెంలో రౌలీ బ్రిటన్ జట్టుతో కలిసి దిగాడు. అయినా అతని కాంస్యం ఆస్ట్రేలియాకే జమ అయింది. దాన్ని ఎవరూ తిరగదోడరు.

తిరగదోడేది ప్రిచర్డ్‌దే. అతను తెల్లవాడు. 1905లో ఇంగ్లండ్ వెళ్లిపోయాడు, అటునుంచి అమెరికా చేరి 1929లో కాలిఫోర్నియాలో కన్నుమూశాడు. తర్వాతి జీవితాన్ని చూసి 1900 నాటి పట్టికను దిద్దుతున్నట్టుంది.

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ మాత్రం ఆ రెండు రజతాలనూ ఇండియా కిందే ఉంచింది. 2021లో టోక్యోలో నీరజ్ చోప్రా గెలిచిన స్వర్ణం ఆ లెక్కన ఒలింపిక్ అథ్లెటిక్స్‌లో మన మూడో పతకం, అథ్లెటిక్స్ సమాఖ్య 2005 లెక్కన మొట్టమొదటిది.