అంతా తెలిశాకే డాక్యుమెంటేషన్ రాయాలా? అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో నెలకొక ఆదివారం ఇంజనీరింగ్ విద్యార్థులతో కూర్చుని, వారు ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్‌కు) తమ మొదటి పుల్ రిక్వెస్టు, అంటే ‘నేను చేసిన ఈ మార్పును చేర్చుకోండి’ అన్న వినతి, పంపేవరకు తోడుగా ఉంటాను. మద్దిలపాలెం నుంచి నడిచి వచ్చినవారైనా, గాజువాక నుంచి బస్సెక్కి వచ్చినవారైనా, డాక్యుమెంటేషన్ (సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో వివరించే పేజీలు) మాట ఎత్తగానే చెప్పే సమాధానం దాదాపు ఒకటే: “మేడమ్, నాకింకా కోడ్ మొత్తం అర్థం కాలేదు. అర్థమయ్యాక రాస్తాను.” ఈ ఒక్క మాట వల్ల జరిగే నష్టం మిగిలిన అపోహలన్నిటి వల్ల జరిగేదానికంటే ఎక్కువ కనుక ముందు దానినే తీసుకుంటాను.

అపోహ: ప్రాజెక్టు ఆమూలాగ్రం తెలిసినవారే డాక్యుమెంటేషన్ రాయాలి.

వాస్తవం: కొత్తగా వచ్చినవారికి మాత్రమే కనిపించే లోపాలు కొన్ని ఉంటాయి. నెల రోజులు ఆ ప్రాజెక్టులో తిరిగితే అవి వారికీ కనిపించవు. గత ఏడాది గాజువాక నుంచి వచ్చే ఒక అమ్మాయి, పైథాన్‌లో రాసిన ఒక వెబ్ అప్లికేషన్‌ను తన ఉబుంటు ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేయబోయింది. నాలుగో దశలో, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో మాట్లాడే సైకోపీజీ2 అనే లైబ్రరీ బిల్డ్ అవుతుండగా, దానికి కావలసిన పీజీ_కాన్ఫిగ్ అనే ప్రోగ్రామ్ దొరకలేదంటూ తెర నిండా ఎర్రర్లు వచ్చి పని ఆగిపోయింది. తనకే చేతకాలేదనుకుని ఆ అమ్మాయి మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ లైబ్రరీని సోర్సు నుంచి బిల్డ్ చేయాలంటే ఉబుంటులో లిబ్‌పీక్యూ-డెవ్ అనే ప్యాకేజీ ముందే ఉండాలి. ప్రాజెక్టు నడిపేవారి కంప్యూటర్లలో అది ఏనాడో చేరిపోయింది కనుక గైడులో ఆ మాట లేదన్న సంగతి వారిలో ఎవరికీ తట్టలేదు. ఆ అమ్మాయి పంపినది ఒక వాక్యం, దాని కింద ఒక కమాండ్. అదే దశలో ఆగిపోయిన మరో ఇద్దరి పాత ఇష్యూలు (సమస్య ఉందని ప్రాజెక్టుకు రాసిన ఫిర్యాదులు) ఆ రెండు పంక్తులతో మూతపడ్డాయి.

2017లో, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను ఉంచే గిట్‌హబ్ వెబ్‌సైట్ నిర్వహించిన ఓపెన్ సోర్స్ సర్వేలో, అసంపూర్ణమైన లేదా పాతబడిన డాక్యుమెంటేషన్ ఒక సమస్య అని 93 శాతం మంది చెప్పారు. డాక్యుమెంటేషన్‌కు తాము అరుదుగా తోడ్పడతామనో, అసలెప్పుడూ తోడ్పడలేదనో చెప్పిన కంట్రిబ్యూటర్లు (ప్రాజెక్టులకు మార్పులు పంపేవారు) 60 శాతం. తెలిసినవారు రాయక, తెలియనివారు రాయడానికి భయపడితే ఆ ఖాళీ ఎవరు పూరిస్తారు?

అందువల్ల ఇన్‌స్టాల్ చేసే మొదటి రోజునే ఒక నోటుపుస్తకం పక్కన పెట్టుకోమని చెబుతాను. ఏ కమాండ్ ఇచ్చారు, ఏమి వస్తుందనుకున్నారు, ఏమి వచ్చింది, ఆపరేటింగ్ సిస్టమ్ ఏ వెర్షన్, ఈ నాలుగూ రాసుకుంటే చాలు. తరువాత మార్పులు ఎలా పంపాలో చెప్పే కంట్రిబ్యూటింగ్ ఫైలు చదివి, అదే విషయం మీద ఇష్యూ ఉందేమో వెతికి, డాక్యుమెంటేషన్ పేజీలను తయారుచేసే పనిముట్టు స్ఫింక్స్ అయినా ఎంకేడాక్స్ అయినా, దానితో మీ కంప్యూటర్‌లోనే ఒకసారి బిల్డ్ చేసి, వార్నింగులు లేవని చూసుకుని, ఒక పుల్ రిక్వెస్టులో ఒకే విషయం పంపండి. ఇన్‌స్టలేషన్ దశను సరిచేస్తూ అదే చేత్తో పది పేజీల కామాలు కూడా దిద్ది పంపితే, చూసేవారికి అసలు మార్పు ఏదో దొరకదు.

అపోహ: అంతా రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలులో) పెడితే సరిపోతుంది.

వాస్తవం: ఆ అమ్మాయి తన వాక్యాన్ని మొదట రీడ్‌మీ చివర చేర్చింది, అక్కడ అది ఎవరి కంటా పడదు. ఎక్కడ పెట్టాలని అడిగినప్పుడు నేను డానియెలె ప్రోచిదా రూపొందించిన డయాటాక్సిస్ పద్ధతిని చెప్పాను. డాక్యుమెంటేషన్‌లో నాలుగు రకాలున్నాయని ఆ పద్ధతి చెబుతుంది: చేయిపట్టుకుని నేర్పే ట్యుటోరియల్, ఒక నిర్దిష్టమైన పనిని పూర్తి చేయించే హౌ-టు గైడ్, ఉన్నది ఉన్నట్టు చెప్పే రిఫరెన్స్, ఎందుకలా ఉందో విడమరిచే వివరణ. వీటిని కలగలిపితే, ఫంక్షన్ పారామీటర్ కోసం వచ్చినవారు ప్రాజెక్టు చరిత్ర అంతా చదవవలసి వస్తుంది. నేర్చుకోవడానికి వచ్చినవారు ఇరవై ఆప్షన్ల పట్టిక చూసి వెనుదిరుగుతారు. ఆ వాక్యం చివరికి ఇన్‌స్టలేషన్ గైడులో, మొదటి కమాండ్‌కు ముందు, “ముందుగా కావలసినవి” అన్న శీర్షిక కింద చేరింది. ఈ విభజనను చూసి ఖాళీ ఫోల్డర్లు నాలుగు సృష్టించి కూర్చోవద్దు. ఉన్న ఒక పేజీని చదివి, అది ఏ రకమో తేల్చి, అందులో ఇమడని పేరాను దాని చోటికి పంపడంతో మొదలుపెట్టండి.

ఆ పేజీలు కోడ్ ఉన్న రిపాజిటరీలోనే (ప్రాజెక్టు ఫైళ్ల నిల్వలోనే) ఉంటే మేలు. వేరే వికీలో ఉన్నప్పుడు కోడ్ మారినా పేజీ మారదు. ఒకేచోట ఉంటే, కోడ్ మార్చినవారిని అదే పుల్ రిక్వెస్టులో పేజీ కూడా మార్చమని అడగవచ్చు. డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణలనూ పరీక్షించవచ్చు: పైథాన్‌లో డాక్‌టెస్ట్ ఆ పని చేస్తుంది, రస్ట్ భాషలో లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణలను కార్గో టెస్ట్ అనే కమాండ్ దానంతటదే నడిపి చూస్తుంది.

అపోహ: గొప్ప ఇంగ్లీషు రావాలి. అక్కరలేదు. చదివేవారిలో చాలామందికి కూడా అది మాతృభాష కాదు. చిన్న వాక్యాలే వారికి మేలు.

అపోహ: రీడ్‌మీలో ఒక పదం మార్చితే టీషర్టు వస్తుంది. ఈ వదంతి వినీ వినీ విసిగిపోయాను. 2020 అక్టోబరులో, పుల్ రిక్వెస్టులు పంపినవారికి టీషర్టులిచ్చిన హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమం పేరిట ఇలాంటి అర్థంలేని పుల్ రిక్వెస్టులు వెల్లువెత్తడంతో, సమ్మతించిన ప్రాజెక్టులకే ఆ కార్యక్రమాన్ని పరిమితం చేయవలసి వచ్చింది. నిజమైన అక్షరదోషాన్ని దిద్దడం మాత్రం మంచి పనే, అందుకు సంకోచించవద్దు.

అపోహ: ఏఐ రాసిపెడుతుంది కదా. అది రాసిన కమాండ్‌ను మీరు నడిపి చూశారా అన్నదే నా ప్రశ్న. జెంటూ అనే లినక్స్ ప్రాజెక్టు 2024లో ఏఐతో తయారుచేసిన కంట్రిబ్యూషన్లను నిషేధించింది. ప్రతి ప్రాజెక్టు నియమం వేరు, పంపే ముందు చదవండి.

అపోహ: జవాబు రాకపోతే తిరస్కరించినట్టే. ఈ భయంతో పంపినదాన్ని మూసేసుకున్నవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. రివ్యూ చేసేవారిలో చాలామంది జీతం లేకుండా, ఉద్యోగం ముగించుకుని వచ్చి రాత్రివేళ చూసేవారు. నా మొదటి మార్పుకు ఐదు వారాలు ఎవరూ పలకలేదు. ఏమి తప్పు చేశానోనని రోజూ ఆ పేజీ తెరిచి చూసుకునేదాన్ని. ఆరో వారంలో “ఇందులో నేను సరిచేయవలసినది ఏమైనా ఉందా?” అని ఒక్క వాక్యం రాశాను. మర్నాడు ఉదయానికి రెండు పదాలు మార్చమని జవాబు వచ్చింది, సాయంత్రానికి మెర్జ్ అయింది, అంటే ప్రాజెక్టులో కలిసిపోయింది.