రెండు ఎనిమిదులు పదహారు కావు: గ్రాఫిక్స్ కార్డులపై అపోహలు, వాస్తవాలు

కంప్యూటర్లు బిగించి ఇచ్చే పనిలో ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న తప్పదు. "ఒక పెద్ద కార్డుకు పెట్టే డబ్బుతో రెండు చిన్నవి వస్తాయి కదండీ, రెండూ కలిస్తే పెద్దదాన్ని మించిపోవా?" అడిగేవాళ్లలో చాలామంది నెలల తరబడి డబ్బు కూడబెట్టుకున్నవాళ్లు. వాళ్ల బెంగ నాకు తెలుసు. నాకు ఓపిక నశించేది, ఎప్పటిదో ఒక వీడియో చూసి "రెండు పెడితే రెట్టింపు" అని ధీమాగా సలహాలిచ్చేవాళ్లతోనే.

అపోహ: 8 జీబీ కార్డులు రెండు పెడితే 16 జీబీ మెమరీ వస్తుంది.

రాదు. అన్నిటికన్నా ఎక్కువ డబ్బు తగలేసే అపోహ ఇదే. కార్డు మీది ప్రాసెసర్ తన చుట్టూ ఉన్న మెమరీ చిప్‌లతో సెకనుకు వందల గిగాబైట్ల వేగంతో మాట్లాడుతుంది. ఎన్విడియా వారి 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 కార్డులో ఆ వేగం 360. పక్క కార్డు మెమరీని అందుకోవాలంటే మాత్రం పీసీఐ ఎక్స్‌ప్రెస్, అంటే కార్డును మదర్‌బోర్డుకు కలిపే దారి, మీదుగా వెళ్లాలి. నాలుగో తరంలో 16 లేన్లూ దొరికినా అక్కడ ఒక్కో దిశలో సుమారు 32 గిగాబైట్లే. మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో ఆ 16 కూడా దక్కవు. రెండో కార్డు పెట్టగానే లేన్లు చెరి ఎనిమిదిగా చీలిపోతాయి, లేదా రెండో స్లాట్‌కు చిప్‌సెట్ నుంచి నాలుగే వస్తాయి. అందుకే ప్రతి కార్డూ టెక్స్చర్లు (వస్తువుల మీద పరిచే చిత్రాలు), జామెట్రీ (వాటి ఆకారాలు) సహా గీయాల్సిన మొత్తం సీన్‌ను తన మెమరీలోనే పెట్టుకుంటుంది. రెండింటిలోనూ ఉండేది ఒకటే సరుకు. గదిలో మంచం పట్టకపోతే, పక్కన అదే కొలతల గది ఇంకొకటి ఉండి ఏం లాభం?

భవనాల త్రీడీ చిత్రాలు తయారుచేసే ఒక అమ్మాయి తన మెషీన్ తెచ్చింది. ఎవరో చెప్పిన మాట నమ్మి 8 జీబీ కార్డులు రెండు వేయించుకుంది. గదుల లోపలి దృశ్యాలు చకచకా వచ్చేస్తున్నాయి. బయట తోట, చెట్లు చేర్చిన సీన్ మాత్రం మెమరీ చాలడం లేదంటూ ఆగిపోతోంది. "ఒక కార్డు పాడైందేమో చూడండి సార్" అంది. రెండు కార్డుల మెమరీ గ్రాఫులూ పక్కపక్కన తెరిచి రెండర్ (సీన్‌ను చిత్రంగా మార్చే పని) మొదలుపెట్టాను. రెండు గీతలూ జంటగా పైకి లేచి, జంటగా ఎనిమిది దగ్గర తగిలి ఆగాయి. ఒక కార్డు ఊడదీసి మళ్లీ నడిపితే, మిగిలిన గీత సరిగ్గా అక్కడే ఆగింది. కార్డులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. ఆ రోజుకు ఆకుల టెక్స్చర్లను 4కే కొలత నుంచి 2కేకి దించాం. కొలత సగమైతే అవి తినే మెమరీ నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి పని గట్టెక్కింది. కానీ ఆమెకు మొదటి నుంచీ కావలసింది ఎక్కువ మెమరీ ఉన్న ఒకే కార్డు.

చాట్‌బాట్ల వెనకుండే ఏఐ భాషా నమూనాలను ఇంట్లో నడుపుకొనేవాళ్లు ఇక్కడ అభ్యంతరం చెబుతారు, అది న్యాయమే. నమూనా పొరల్లో కొన్నిటిని ఒక కార్డులో, మిగతావాటిని రెండో దానిలో పెట్టవచ్చు. కాబట్టి అక్కడ మెమరీ నిజంగానే కలిసొస్తుంది. వేగం కలిసిరాదు. ప్రతి టోకెన్ (జవాబులోని ఒక్కో మాట ముక్క) మొదటి కార్డు పొరలు దాటాకే రెండో దానికి వెళ్తుంది. ఒకటి పనిచేస్తుంటే రెండోది ఎదురుచూస్తుంది. 3060లు రెండు కలిస్తే 24 జీబీ అవుతుంది, వేగం మాత్రం ఇంచుమించు ఆ 360 దగ్గరే ఉంటుంది. అదే 24 జీబీ ఒక్క ఆర్‌టీఎక్స్ 3090లో ఉంటే 936. పెద్ద నమూనా ఎలాగోలా పడితే చాలనుకుంటే రెండు కార్డులు సరే. జవాబు గబగబా రావాలంటే ఒకటే మేలు.

అపోహ: ఆటల్లో రెండు కార్డులు ఒకదాన్ని ఓడిస్తాయి.

ఆ కాలం ముగిసింది. రెండు కార్డులను జోడించే పద్ధతులుగా ఎన్విడియా ఎస్ఎల్ఐ 2004లో, ఏటీఐ క్రాస్‌ఫైర్ 2005లో వచ్చాయి. ఒక ఫ్రేమ్‌ను ఒక కార్డు, తర్వాతి ఫ్రేమ్‌ను మరో కార్డు గీసేవి. ఫ్రేముల మధ్య వ్యవధి సమంగా లేక, సెకనుకు ఎన్ని ఫ్రేములో చూపే మీటరులో అంకె ఎంత పెద్దదైనా కంటికి కుదుపు తెలిసేది. 2021 జనవరి 1 నుంచి ఎన్విడియా కొత్త ఎస్ఎల్ఐ డ్రైవర్ ప్రొఫైళ్లు (ఒక్కో ఆటకు కావలసిన అమరికలు) ఇవ్వడం మానేసింది. ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ నుంచి గేమింగ్ కార్డుల్లో జోడించే కనెక్టరే లేదు. ఆటలు కార్డుతో మాట్లాడే సాఫ్ట్‌వేర్ అయిన డైరెక్ట్ఎక్స్ 12లో దారి ఉన్నా, ఆ కోడ్ ఆట తయారీదారులే రాయాలి. దాదాపు ఎవరూ రాయడం లేదు. ఆట కోసమే అయితే రెండో కార్డు కొనకండి.

అపోహ: రెండు కార్డులూ ఒకే మోడల్ కావాలి. రెండరింగ్‌కు అక్కర్లేదు. వేర్వేరువైనా చెరికొంత పని పంచుకుంటాయి.

అపోహ: రెండు మానిటర్లకు రెండు కార్డులు కావాలి. అక్కర్లేదు. ఇప్పటి కార్డుల్లో ఎక్కువ వాటికి మూడో నాలుగో పోర్టులు ఉంటాయి.

అపోహ: చిన్న కార్డులు కరెంటు తక్కువ తాగుతాయి. 3060కి 170 వాట్లు. రెండైతే 340. 3090కి 350. మిగిలిందేమీ లేదు. పైగా దగ్గరదగ్గరగా బిగిస్తే పై కార్డు కింది దాని వేడిగాలినే పీల్చుకుంటుంది.

రెండు కార్డులకు నేను సంతోషంగా ఒప్పుకునే సందర్భం ఒకటుంది. సీన్ ఒక్కో కార్డులో హాయిగా పడుతూ, ఫ్రేములు మాత్రం వేలల్లో ఉన్న యానిమేషన్ పని. చెరొక ఫ్రేమ్ ఇచ్చేస్తే సమయం దాదాపు సగానికి తగ్గుతుంది. మీది అలాంటి పనో కాదో తేల్చుకోవడానికి నన్ను కూడా అడగనక్కర్లేదు. మీ దగ్గరున్న వాటిలో అతి బరువైన ప్రాజెక్టు తెరిచి, అది నడుస్తుండగా మెమరీ గ్రాఫ్ చూడండి. గీత అంచుకు తగులుతుంటే రెండోది కొనవద్దు. ఉన్నది అమ్మి, ఎక్కువ మెమరీ ఉన్నది ఒకటి తీసుకోండి.